ప్రెస్‌కి ఫాంట్లు ఎలా పంపాలి: పేజీలు కట్టడం అయిపోయాక మిగిలే అసలు పని

ప్రెస్ నుంచి ఫోన్ వస్తుంది. "ఫైల్ తెరిచామండీ, ఫాంట్ మిస్సింగ్ అంటోంది, ఫాంట్లు పెట్టండి." అదేంటో గానీ ఈ ఫోన్ ఎప్పుడూ సాయంత్రం ఆరు దాటాకే వస్తుంది. అప్పటికి ఆవిష్కరణ సభకు హాలు మాట్లాడేసి ఉంటారు, ఆహ్వానం వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది, రచయితకేమో ఫాంటు అంటే ఏమిటో, ఫైల్ పంపాక మళ్లీ అది విడిగా ఎందుకు పంపాలో అర్థం కాదు. ఆ కంగారులో కంప్యూటర్‌లో కనిపించిన తెలుగు ఫాంట్లన్నీ ఓ యాభై పోగేసి జిప్ చేసి పంపేస్తారు. వాటిల్లో ఏది కావాలో ప్రెస్‌లో ఆపరేటర్‌కి తెలియదు, అన్నీ ఇన్‌స్టాల్ చేసేస్తాడు, అక్కడి నుంచి కొత్త తలనొప్పులు మొదలవుతాయి.

నేను పుస్తకాలకు పేజీలు కడతాను. మొదట్లో పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఇప్పుడు ఎక్కువగా ఇన్‌డిజైన్, యూనికోడ్ ఫాంట్లు. కథల పుస్తకాలు, కవిత్వం, సావనీర్లు, ఒకటీ అరా పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలు. సొంతంగా పుస్తకం వేసుకుందామనుకునే వాళ్లకీ, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన వాళ్లకీ పనికొస్తుందని ఇది రాస్తున్నా.

ఫైల్‌లో ఫాంటు ఉండదు, ఫాంటు పేరే ఉంటుంది

ఇది ఒక్కటి బుర్రలోకి ఎక్కితే సగం పని అయిపోయినట్టే. మీరు ఇన్‌డిజైన్‌లోనో వర్డ్‌లోనో పేజీ కట్టినప్పుడు ఆ ఫైల్ తన లోపల "ఈ పేరా మండలి రెగ్యులర్, 12 పాయింట్లు" అని ఒక చీటీ మాత్రం రాసిపెట్టుకుంటుంది (మండలి అనేది ఒక తెలుగు ఫాంటు పేరు). అక్షరాల బొమ్మలు ఆ ఫైల్‌లో లేవు, మీ కంప్యూటర్‌లో ఉన్న ఫాంటు ఫైల్లో ఉన్నాయి. ఫైల్ ప్రెస్‌కి వెళ్లాక అక్కడి కంప్యూటర్ ఆ చీటీ చదివి, ఆ పేరుతో తన దగ్గర ఏమైనా ఉందా అని వెతుక్కుంటుంది. లేకపోతే వేరే ఫాంటు పెట్టి, ఇన్‌డిజైన్ అయితే ఆ అక్షరాల వెనక గులాబీ రంగు పూసి చూపిస్తుంది. ఇది మంచిదే, కనీసం తెలుస్తుంది. అసలు ప్రమాదం ఎక్కడంటే, అదే పేరుతో పాత వెర్షనో, ఎవరో సరిచేశామని తిప్పిన వెర్షనో ప్రెస్ కంప్యూటర్‌లో ఉంటే. అప్పుడు గులాబీ రంగూ ఉండదు, హెచ్చరికా ఉండదు, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

నాకు అలాగే అయింది. ఒక కథల సంపుటి, నెట్‌లో ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంటే, "ఇది ఫ్రీ ఫాంటే కదా, మీరే దించుకోండి" అని ప్రెస్‌కి ఇన్‌డిజైన్ ఫైల్ ఒక్కటే పంపాను. వాళ్ల దగ్గర అప్పటికే అదే పేరుతో పాతది ఉంది. అక్షరాల వెడల్పులో వెంట్రుకవాసి తేడా. కానీ పేజీకి 30 లైన్లు, కథకు పది పన్నెండు పేజీలు అనుకుంటే ఆ వెంట్రుకవాసి తేడాలన్నీ పోగై, రెండు కథల్లో ఆఖరి లైను చోటు చాలక ఫ్రేమ్ లోపలే ఉండిపోయింది. తెర మీద అయితే ఫ్రేమ్ మూలన చిన్న ఎర్ర ప్లస్ గుర్తు పడుతుంది, అచ్చులో అదీ పడదు. ప్రూఫ్ చూస్తుంటే ఒక కథకు ముగింపు లేదు. ఈమధ్య కథలు ఇలాగే గాల్లో వదిలేస్తున్నారు కదా, రచయిత కావాలనే రాశారేమో అని ఒక్క క్షణం నాకే అనిపించింది. తప్పు ప్రెస్‌ది కాదు, ఫాంటు ఇవ్వకుండా పేరు చెప్పి ఊరుకున్న నాదే.

పాతరోజుల్లో ఈ గొడవే లేదు. డీటీపీ సెంటర్‌లోనే ట్రేసింగ్ పేపర్ మీద లేజర్ ప్రింట్ తీసి, ఆ షీట్లు చుట్టచుట్టి పట్టుకెళ్లి ప్రెస్‌లో ఇస్తే వాళ్లు దాన్నుంచి ప్లేట్ చేసుకునేవాళ్లు. అక్షరం అప్పటికే కాగితం మీద బొమ్మ అయిపోయింది, ఇక ఫాంటుతో పనేముంది. ఇప్పుడు కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేట్ మీదికి వెళుతోంది కాబట్టి ఆ బొమ్మ అయ్యే పని ఎక్కడ జరగాలో మనమే తేల్చుకోవాలి. మన దగ్గరే జరగాలి అని నా లెక్క. అంటే పీడీఎఫ్.

ముందు పీడీఎఫ్, ఫాంట్లు లోపలే ఉండేలా

పీడీఎఫ్‌లో ఫాంటును ఎంబెడ్ చేయొచ్చు, అంటే అక్షరాల బొమ్మల్ని ఫైల్‌ లోపలే కుట్టేయొచ్చు. అలా చేసిన పీడీఎఫ్ ఇస్తే ప్రెస్‌కి ఫాంటు ఫైళ్లు ఇవ్వాల్సిన అవసరమే చాలాసార్లు రాదు. ఇన్‌డిజైన్‌లో ఎక్స్‌పోర్ట్‌కి వెళ్లి, పైన ప్రీసెట్‌లో పీడీఎఫ్/ఎక్స్-1ఏ గానీ పీడీఎఫ్/ఎక్స్-4 గానీ ఎంచుకోండి, రెండూ అచ్చు కోసమే ఉన్న పీడీఎఫ్ రకాలు. ఏది కావాలో ప్రెస్ వాళ్లనే అడగండి, పాత యంత్రాలున్న చోట మొదటిదే అడుగుతారు. ఈ రెండింటికీ నియమం ఒకటే: వాడిన ప్రతి ఫాంటూ లోపల ఉండి తీరాలి.

వర్డ్‌లో చేసిన వాళ్లు సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకున్నాక కింద ఆప్షన్స్ అని ఉంటుంది, అది తెరవండి. ఎంబెడ్ చేయడానికి వీల్లేని ఫాంటు అయితే ఆ అక్షరాల్ని బిట్‌మ్యాప్‌గా మార్చే టిక్కు ఒకటి అక్కడ ఉంటుంది. అది పనిచేసిందంటే మీ అక్షరాలు ఫోటోలుగా మారిపోయినట్టే, అచ్చులో అంచులు నలిగినట్టు వస్తాయి. పీడీఎఫ్‌ని బాగా పెద్దది చేసి, నాలుగొందల శాతం పెట్టి ఒక అక్షరాన్ని చూడండి, అంచు నున్నగా ఉంటే సరే, మెట్లు మెట్లుగా కనిపిస్తే ఆ ఫాంటు వదిలేసి వేరేది వాడండి. వర్డ్ ఫైలే కావాలని ప్రెస్ అడిగితే, ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ఫాంట్లు ఎంబెడ్ చేయమనే టిక్కు పెట్టి, దాని కిందే ఉండే రెండు టిక్కులూ (వాడిన అక్షరాలే చాలు అనేది, సిస్టమ్‌తో వచ్చే ఫాంట్లు వద్దు అనేది) తీసేయండి. ఆ రెండోది ఉంచేస్తే విండోస్‌తో వచ్చిన ఫాంట్లను "ఇవి అందరి దగ్గరా ఉంటాయిలే" అని వర్డ్ వదిలేసే వీలుంది.

పేజ్‌మేకర్ వాళ్ల సంగతి వేరు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అదే ఆఖరు. అయినా మన దగ్గర ఇంకా దాని మీద పుస్తకాలు కట్టే చేతులు ఉన్నాయి, వేగంలో వాళ్లను కొట్టడం నావల్ల కాదు. అందులో అడోబీ పీడీఎఫ్ ప్రింటర్‌కి ప్రింట్ ఇచ్చేటప్పుడు ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, సిస్టమ్ ఫాంట్ల మీదే ఆధారపడమనే టిక్కు తీసేయాలి. పీడీఎఫ్ తయారుచేసే డిస్టిలర్ సెట్టింగ్స్‌లో ఫాంట్స్ అనే చోట అన్నీ ఎంబెడ్ చేయమని పెట్టి, ఎంబెడ్ కాకపోతే ఏం చేయాలి అన్నదానికి "క్యాన్సిల్ జాబ్" ఎంచుకోండి. హెచ్చరించి ముందుకెళ్లు అనే ఆప్షన్ పెడితే ఆ హెచ్చరికను ఎవరూ చదవరు, నేనూ చదవను. ఆగిపోతేనే మనకు తెలుస్తుంది.

లోపల ఉందో లేదో మీ కళ్లతో చూడండి

మీ కంప్యూటర్‌లో పీడీఎఫ్ బాగా కనిపించడం సాక్ష్యం కాదు. మీ దగ్గర ఫాంటు ఉంది కాబట్టి ఎంబెడ్ కాకపోయినా బాగానే కనిపిస్తుంది. అక్రోబాట్ రీడర్‌లో తెరిచి కంట్రోల్ డి కొట్టండి, ఫాంట్స్ అనే ట్యాబ్ ఉంటుంది. ప్రతి పేరు పక్కనా బ్రాకెట్‌లో "ఎంబెడెడ్ సబ్‌సెట్" అనో, "ఎంబెడెడ్" అనో ఉండాలి. ఏదైనా ఒక పేరు పక్కన ఆ మాట లేకుండా, కింద "యాక్చువల్ ఫాంట్" అంటూ ఇంకేదో పేరు చూపిస్తోందంటే ఆ ఫాంటు లోపలికి రాలేదు, దాని స్థానంలో వేరేదాన్ని నిలబెట్టింది. సాధారణంగా అది పుస్తకంలో మీకు గుర్తే లేని చోట దొరుకుతుంది, పేజీ నంబర్‌లోనో, వెబ్‌సైట్ చిరునామాలోనో, ఎవరో ఇచ్చిన లోగోలోనో. లినక్స్ అలవాటున్న వాళ్లకు పీడీఎఫ్‌ఫాంట్స్ అనే కమాండ్ ఉంది, ఫైల్ పేరిచ్చి కొడితే పట్టిక వస్తుంది, "ఈఎంబీ" అన్న నిలువు వరసలో అంతటా "యస్" ఉండాలి, అంతే. ఆ తర్వాత అదే ఫైల్‌ని మీ ఫోన్‌లోనో, తెలుగు ఫాంట్లేమీ వేసుకోని పక్కింటి వాళ్ల ల్యాప్‌టాప్‌లోనో కూడా తెరిచి చూడండి.

సబ్‌సెట్ అంటే పుస్తకంలో వాడిన అక్షరాలవరకే కుట్టడం. ఇన్‌డిజైన్ మామూలుగా అలాగే చేస్తుంది. అందులో తప్పేమీ లేదు, కానీ ఒక ఫలితం ఉంది: ప్రెస్‌లో ఎవరైనా ఆ పీడీఎఫ్‌లోనే ఒక అక్షరం దిద్దుదామనుకుంటే కుదరదు. ఇంగ్లీషు పుస్తకంలో ఒకటీ అరా కుదురుతుందేమో గానీ తెలుగులో అసలే కుదరదు, ఎందుకంటే మన పీడీఎఫ్‌లో ఉండేది అక్షరాలు కాదు, గుణింతమూ ఒత్తూ కలిసిపోయిన బొమ్మలు. అందుకే పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే చెత్త చెత్తగా వస్తుంది. చాలామంది రచయితలు ఇలా కాపీ చేసి చూసి "అయ్యో అక్షరాలు పోయాయి" అని టెన్షన్ పడి ఫోన్ చేస్తారు. కాపీలో ఎలా వచ్చినా అచ్చుకి సంబంధం లేదండీ, ఫాంట్లు లోపల ఉంటే తెర మీద పేజీ ఎలా కనిపిస్తే అచ్చు అలా పడుతుంది.

కనిపించే పేజీని మాత్రం నిదానంగా చూడండి. నేను ప్రతి పుస్తకానికీ ముందు ఒక పరీక్ష పేజీ కడతాను, దాన్లో అర్థం పర్థం లేకుండా కష్టమైన మాటలన్నీ ఉంటాయి: రాష్ట్రీయం, లక్ష్మి, వాఙ్మయం, దార్ఢ్యం, కర్తృత్వం, ఉజ్జ్వలం, స్త్రీ, జ్ఞానం, ఋణం, ఎఱుక, సాఫ్ట్‌వేర్. చివరిది ఎందుకంటే 'ట్' పొల్లుగానే నిలబడాలి, దాని కిందికి 'వ' ఒత్తుగా దిగిపోకూడదు. వాటి మధ్య కనిపించని ఒక జోడింపు నిరోధక అక్షరం ఉంటుంది, కొన్ని ప్రోగ్రాముల మధ్య కాపీ పేస్ట్ చేసేటప్పుడు అది జారిపోతుంది. పద్యాలుంటే అరసున్నా కూడా చేర్చండి. ఇంకా ₹ గుర్తు. ఈ గుర్తు వచ్చిందే 2010లో, అంతకుముందు చేసిన ఫాంట్లలో అది ఉండదు, వెనక అట్ట మీద వెల దగ్గర ఖాళీ డబ్బా పడుతుంది. నేనైతే "వెల: రూ. 150" అని రాసేస్తాను, ఏ ఫాంటులోనైనా పడుతుంది, చదవడానికీ బాగుంటుంది. ఈ పరీక్ష పేజీని ప్రెస్‌కి ముందే పంపి ఒక్క కాగితం మీద ప్రింట్ తీయించుకుంటే పది రూపాయల ఖర్చుతో పుస్తకం మొత్తం గురించి సగం బెంగ తీరిపోతుంది.

కర్వ్స్ చేసేస్తే పోలా?

అందరూ అడిగేదే. కోరెల్‌డ్రాలో కంట్రోల్ క్యూ, ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఓ, అక్షరాలన్నీ గీతలైపోతాయి, ఇక ఫాంటు గొడవే ఉండదు. ముఖచిత్రానికి అలాగే చేయండి, పుస్తకం పేరు, రచయిత పేరు, నాలుగు మాటలు, అవి ఎలాగూ బొమ్మలాంటివే. చేసేముందు ఒక కాపీ విడిగా దాచుకోండి, ఎందుకంటే కర్వ్స్ అయ్యాక రచయిత తన ఇంటిపేరులో ఒత్తు తప్పిందని చెప్తారు. ఇది కచ్చితంగా జరుగుతుంది.

లోపలి పేజీలకు మాత్రం వద్దు. చిన్న సైజు అక్షరాలు కర్వ్స్ అయితే లేజర్ ప్రింట్లలో, డిజిటల్ ప్రింట్లలో కాస్త లావెక్కుతాయి, తెలుగులో ఆ గుండ్రాల లోపలి సందులు అసలే చిన్నవి, ఇంకా పూడిపోతాయి. ఫైల్ బరువవుతుంది. దిద్దుబాటు అసాధ్యం. ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ ఉండగా ఇంత కష్టం ఎందుకు?

ప్రెస్ ఓపెన్ ఫైలే కావాలంటే

ఓపెన్ ఫైల్ అంటే పీడీఎఫ్ కాకుండా, దిద్దడానికి వీలుండే అసలు ఫైల్. కొన్నిసార్లు అదే అడుగుతారు, వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. పుస్తకానికి ఇచ్చే ఐఎస్‌బీఎన్ నంబర్ చివరి నిమిషంలో వస్తుంది, దాతల పేర్ల పేజీ మారుతుంది, ఆ చిన్న దిద్దుబాట్లు అక్కడే చేసుకోవాలనుకుంటారు. అప్పుడు ఇన్‌డిజైన్‌లో ఫైల్ మెనూలో ప్యాకేజ్ వాడండి. అది ఒక ఫోల్డర్ తయారుచేస్తుంది, దాన్లో ఇన్‌డిజైన్ ఫైల్, బొమ్మలున్న లింక్స్ ఫోల్డర్, డాక్యుమెంట్ ఫాంట్స్ అనే ఫోల్డర్ ఉంటాయి, కావాలంటే ఐడీఎంఎల్ (పాత ఇన్‌డిజైన్‌లోనూ తెరుచుకునే ఫైల్), పీడీఎఫ్ కూడా అదే చేసిపెడుతుంది.

ఈ డాక్యుమెంట్ ఫాంట్స్ ఫోల్డర్ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇన్‌డిజైన్ ఫైల్ పక్కనే ఆ ఫోల్డర్ అదే పేరుతో ఉంటే, ఫైల్ తెరిచినప్పుడు అందులోని ఫాంట్లను ఆ ఒక్క ఫైల్ కోసం తనంతట తానే తీసుకుంటుంది. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. నాకు జరిగిన ముగింపు లేని కథ లాంటిది మళ్లీ జరగకుండా ఉండాలంటే ఇదే మందు. కానీ ప్రెస్‌లో ఏం చేస్తారంటే, ఫోల్డర్ తెరిచి ఇన్‌డిజైన్ ఫైల్ ఒక్కదాన్నే డెస్క్‌టాప్ మీదికి లాక్కుని తెరుస్తారు. అంతే, ఫాంట్లు మళ్లీ మిస్సింగ్. అందుకే ఫోల్డర్ మొత్తం జిప్ చేసి పంపి, విప్పాక లోపలివి కదపొద్దని నోటితో చెప్పండి, రాసి కూడా పెట్టండి.

ప్యాకేజ్ అన్నీ పోగేస్తుందనుకోకండి. అడోబీ ఫాంట్స్ నుంచి ఆన్‌లైన్‌లో యాక్టివేట్ చేసుకున్నవి అందులోకి రావు, ప్రెస్ వాళ్లకూ ఆ చందా ఉండాలి. మీరు పేజీలో పెట్టిన ఈపీఎస్ బొమ్మలు, పీడీఎఫ్‌ల లోపల ఉన్న ఫాంట్లు కూడా రావు. ఎవరో పంపిన ప్రకటన, ట్రస్టు లోగో, మ్యాపు లాంటివి ముందే చూసుకుని వాటిల్లో అక్షరాల్ని కర్వ్స్ చేసేయండి.

ప్యాకేజ్ సౌకర్యం లేని చోట ఫాంట్లు చేత్తో ఏరాలి. ఫాంటు పేరు, ఫైల్ పేరు ఒకటే అవ్వాలని లేదు, బోల్డ్‌కి వేరే ఫైల్ ఉంటుంది. గౌతమి ఒక ఫాంటే కానీ మామూలుది ఒక టీటీఎఫ్ ఫైల్, బోల్డ్ ఇంకో టీటీఎఫ్ ఫైల్. రెండూ వాడితే రెండూ పంపాలి. ఫాంటు ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే పైన వెర్షన్ నంబర్ కనిపిస్తుంది, అది రాసి పెట్టుకోండి. పాతకాలం టైప్ 1 ఫాంట్లయితే అక్షరాల ఫైల్, కొలతల ఫైల్ అని రెండుంటాయి, ఒకటి పంపి ఊరుకుంటే పనిచేయదు. అడోబీ తన ప్రోగ్రాముల్లో టైప్ 1ని 2023 జనవరిలో ఆపేసింది కూడా, కాబట్టి పాత పుస్తకం పునర్ముద్రణకు తీసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇంకో మోసం, బోల్డ్ బటన్. మండలికి బోల్డ్ ఫైల్ లేదు, ఒక్క రెగ్యులరే ఉంది. వర్డ్‌లో, పేజ్‌మేకర్‌లో 'బి' నొక్కితే ఆ ప్రోగ్రామే అక్షరాన్ని కాస్త లావు చేసి బోల్డ్‌లా చూపిస్తుంది. మీ దగ్గర ఒక లావు, ప్రెస్‌లో ఇంకో లావు. శీర్షికలకు బరువు కావాలంటే రామభద్ర లాంటి సహజంగానే లావుపాటి ఫాంటు వాడండి, లేదా నోటో సెరిఫ్ తెలుగు లాగా నిజంగానే అన్ని బరువులూ ఉన్నది తీసుకోండి. అయితే అలాంటివి ఇప్పుడు వేరియబుల్ ఫాంటుగా, అన్ని బరువులూ ఒకే ఫైల్లో వస్తున్నాయి, పాత సాఫ్ట్‌వేర్ ఉన్న ప్రెస్‌కి అవి తలకెక్కవు. ఓపెన్ ఫైల్ ఇవ్వాల్సి వస్తుందని ముందే తెలిస్తే, అదే డౌన్‌లోడ్‌లో స్టాటిక్ అనే ఫోల్డర్‌లో ఉండే విడి ఫైళ్లతోనే పేజీలు కట్టండి.

అను ఫాంట్ల గురించి కూడా చెప్పాలి. ప్రియాంక, అనుపమ లాంటి అను ఫాంట్లలో మనం ఎన్ని పుస్తకాలు చదివామో లెక్కే లేదు. కానీ ఇవి యూనికోడ్ కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినవి. అందుకే ఆ ఫాంటు లేని చోట తెరిస్తే తెలుగు బదులు టోపీలు, చుక్కలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరి కనిపిస్తాయి. భయపడకండి, మీ పుస్తకం ఎక్కడికీ పోలేదు, ఫాంటు పెట్టగానే తిరిగొస్తుంది. కానీ అను 6, అను 7 ఒకటి కావు, దాన్లో కట్టింది దీన్లో తెరిస్తే కొన్ని అక్షరాలు తారుమారవుతాయి. కాబట్టి "మా దగ్గర అను ఉందండీ" అని ప్రెస్ వాళ్లు అంటే సరిపోదు, ఎన్నో నంబరో అడగండి. తేడా ఉంటే ఓపెన్ ఫైల్ మాట మర్చిపోయి పీడీఎఫే ఇవ్వండి.

ఎవరి ఫాంటు, ఎవరికి ఇవ్వొచ్చు

ఫాంటు కూడా ఒకరి పనే, దానికీ లైసెన్స్ ఉంటుంది. సులభమైన దారి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉన్నవి వాడటం. సిలికానాంధ్ర వాళ్లు తెచ్చిన మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, తిమ్మన, గిడుగు, ఇంకా నోటో ఫాంట్లు, బాలూ తమ్ముడు, హింద్ గుంటూరు, టిరో తెలుగు, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఆ లైసెన్స్‌తోనే దొరుకుతాయి. పుస్తకంలో వాడొచ్చు, అమ్మే పుస్తకంలోనూ వాడొచ్చు, పీడీఎఫ్‌లో కుట్టొచ్చు, ఫైల్ ప్రెస్‌కి ఇవ్వొచ్చు. ఫాంటును ఫాంటుగా విడిగా అమ్ముకోకూడదు, అంతే. దాంతోపాటు వచ్చే లైసెన్స్ టెక్స్ట్ ఫైల్‌ని కూడా అదే ఫోల్డర్‌లో ఉంచి పంపండి.

విండోస్‌తో వచ్చే గౌతమి, వాణి, నిర్మల యూఐ పీడీఎఫ్‌లో కుట్టడం వరకు సరే, ఫైళ్లు కాపీ చేసి పంచే హక్కు మనకు లేదు. కొన్న ఫాంట్లకు ఒక్కోదానికీ ఒక్కో షరతు, ప్రెస్‌కి ఇవ్వొచ్చా లేదా అని లైసెన్స్‌లో చదవాల్సిందే. ఫాంటు ఫైల్ లోపల కూడా ఎంబెడ్ అనుమతి ఎంతవరకో ఒక గుర్తు రాసి ఉంటుంది. దాన్లో కుదరదని ఉంటే ప్రోగ్రాములు ఎంబెడ్ చేయడానికి నిరాకరిస్తాయి. పుస్తకం మొత్తం కట్టాక ఇది తెలిస్తే ఏడుపొస్తుంది, అందుకే ఫాంటు ఎంచుకున్న మొదటి రోజే రెండు పేజీలు పీడీఎఫ్ చేసి చూసుకోండి.

జిప్‌తో పాటు ఒక చీటీ

ఫోల్డర్‌లో నేను ఒక టెక్స్ట్ ఫైల్ పెడతాను, "ముందు ఇది చదవండి" అని పేరు. ఈమధ్య ఒక పుస్తకానికి రాసింది ఇలా ఉంది (డెమీ 1/8 అంటే పుస్తకం సైజు, ఫారం అంటే ప్రెస్‌లో పదహారేసి పేజీల కట్ట):

"డెమీ 1/8, 160 పేజీలు, 10 ఫారాలు. అచ్చుకు పీడీఎఫ్‌నే వాడండి, అదే ఫైనల్. ఇన్‌డిజైన్ ఫైల్ దిద్దుబాట్లకు మాత్రమే. ఫోల్డర్ మొత్తం విప్పి అందులోంచే తెరవండి, ఫైల్‌ని బయటికి తీయొద్దు. ఫాంట్లు రెండు: లోపలికి మండలి, శీర్షికలకు రామభద్ర, ఫైళ్లు డాక్యుమెంట్ ఫాంట్స్‌లో ఉన్నాయి. మీ సిస్టమ్‌లో ఇవే పేర్లతో పాతవి ఉంటే తీసేసి తెరవండి. 43వ పేజీ ఆఖరి లైను 'అని నవ్వింది' అని ముగియాలి, 112వ పేజీ 'తలుపు తీసే ఉంది' అని ముగియాలి. అలా లేకపోతే ఆపి నాకు ఫోన్ చేయండి."

ఆ చివరి రెండు వాక్యాలే అసలైనవి. ప్రెస్‌లో ఎవరికీ పుస్తకం చదివే తీరిక ఉండదు, ఉండాలని ఆశించకూడదు కూడా. కానీ ఫలానా పేజీ ఆఖరి మాట ఇదీ అని చెప్తే ఎవరైనా చూడగలరు. ఫాంటు వెర్షన్ మారి లైన్లు జారితే ఆ మాట అక్కడ ఉండదు. మొన్న ఒక ఆపరేటర్ తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, నలభై మూడులో నవ్వలేదన్నా" అన్నాడు. చూస్తే జిప్ విప్పకుండా లోపలి ఫైల్‌నే నేరుగా తెరిచాడు, పక్కన ఫాంట్ల ఫోల్డర్ లేక సిస్టమ్‌లో ఉన్న పాతదాన్ని తీసుకుంది. ఐదు నిమిషాల్లో తేలిపోయింది.

దిద్దుబాటు అక్కడే చేయనిచ్చేటట్టయితే ఇంకో మాట చెప్పండి. ఇన్‌డిజైన్‌లో కొత్త టెక్స్ట్ ఫ్రేమ్ గీసి తెలుగు టైప్ చేస్తే, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా చెదిరిపోతాయి. ఫాంటు పాడైందని అప్పుడు ఫాంటును తిడతారు. ఉన్న పేరాలోనే దిద్దితే ఈ బాధ ఉండదు, ఆ సెట్టింగ్ పేరాతో పాటే వస్తుంది.

నన్నడిగితే దిద్దుబాట్లన్నీ మీ దగ్గరే చేసి, మారిన పేజీలవరకే మళ్లీ పీడీఎఫ్ చేసి, ఫైల్ పేరులో పేజీ నంబరూ తేదీ పెట్టి పంపడం మేలు. 160 పేజీలు అచ్చంగా పది ఫారాలకు సరిపోయినప్పుడు ఒక్క పేరా పెరిగి 161 అయితే, ఆ ఒక్క పేజీ కోసం ఇంకో ఫారం వేయాలి, కాగితం ఖర్చు వేరు. ఆ లెక్క మీ చేతిలో ఉండాలి.

అచ్చయిపోయాక ఆ జిప్‌ని ఒక పెన్ డ్రైవ్‌లో వేసి రచయితకు ఇచ్చేస్తాను, పుస్తకం పేరు, తేదీ, ఇన్‌డిజైన్ వెర్షన్, ఫాంట్ల వెర్షన్లు చీటీ రాసి అంటించి. నాలుగేళ్ల తర్వాత "రెండో ముద్రణ వేద్దాం, పాత ఫైల్ ఉందా" అని ఎవరో ఒకరు అడుగుతారు, అప్పటికి నా హార్డ్ డిస్క్ ఏ స్థితిలో ఉంటుందో నాకే తెలియదు. పెన్ డ్రైవ్ బీరువాలో చీరల కింద పెట్టుకున్న ఒకాయన దగ్గర మాత్రం అన్నీ భద్రంగా ఉన్నాయి, వాళ్లావిడ పుణ్యమా అని.